చేత్తో చేసిన విడిభాగాలతో విజయవాడ రేడియో: నా అనుభవం

స్టేషనును ఎంచుకునే తీగచుట్ట, కెపాసిటరు, అందిన తరంగంలోంచి శబ్దాన్ని వేరుచేసే డిటెక్టరు, ఇయర్‌ఫోను అనే నాలుగు విడిభాగాలనూ ఇంట్లోనే తయారుచేసి, బ్యాటరీ గాని కరెంటు గాని అక్కర్లేని స్ఫటిక రేడియోలో విజయవాడ ఆకాశవాణిని వినాలని నవంబరు మొదట్లో పని మొదలుపెట్టాను. ఫిబ్రవరి మూడో వారానికి అది పూర్తయింది. మాది పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీది ఊరు. డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాను, కెపాసిటరు మీది అంకె చూసి బోర్డులో గుచ్చడం తెలుసు, కాని ఆ అంకె దేనివల్ల వస్తుందో ఎప్పుడూ చేత్తో చేసి చూడలేదు. ఇలాంటి ప్రయోగాల గురించి నేను చదివినవన్నీ చల్లని పొడి దేశాల వాళ్లు రాసినవే. అవే పనులు మన గోదావరి డెల్టా చెమ్మలో చేస్తే ఏమవుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

వస్తువులు సమకూర్చుకోవడానికే నవంబరు చాలావరకు గడిచిపోయింది. రొయ్యల చెరువుల మూలంగా మా ప్రాంతంలో మోటారు వైండింగ్ షాపులకు కొదవ లేదు కాబట్టి ఎనామిల్ రాగి తీగ సులువుగానే దొరికింది. "ఏ మోటారుకండీ? ఎన్ని హెచ్‌పీ అండి?" అని షాపాయన అడిగాడు. రేడియోకని చెబితే ఒక్క క్షణం నా వంక చూసి, "అయితే వంద గ్రాములు చాలండి" అని 22 గేజ్ తీగ తూచి ఇచ్చాడు. 120 రూపాయలయింది. కష్టపడింది క్రీమ్ ఆఫ్ టార్టార్ కోసం. అది టార్టారిక్ ఆమ్లపు లవణం, ఇయర్‌ఫోనులో పెట్టే స్ఫటికానికి కావలసిన రోషెల్ లవణం అనే ఉప్పును దాంతోనే చేయాలి. పాలకొల్లులో ఆ పేరు చెబితే బేకింగ్ పౌడరు చేతిలో పెట్టారు. అది వేరు, ఇది వేరు. భీమవరంలో కేకుల సామాను అమ్మే చోట ఆర్డరు పెట్టించుకుంటే దాదాపు పది రోజులకు వచ్చింది, 200 గ్రాములకు 240 రూపాయలు. చింతపండులో పులుపు కూడా టార్టారిక్ ఆమ్లమే గనుక ఇంటి చింతపండులోంచే తీయవచ్చుకదా అనిపించింది గాని, దాన్ని శుద్ధి చేయడం ఇంకో పెద్ద పని అని మానుకున్నాను.

సామాను వచ్చినా వెంటనే మొదలుపెట్టనివ్వలేదు మా అత్తయ్యగారు. "కార్తీకం వెళ్లనీ అమ్మా. ఇప్పుడు ఉప్పు జాడీ మూత తీస్తే నీరు కారుతోంది, నీ ఉప్పు మాత్రం గడ్డ కడుతుందా?" అన్నారు. అది నూటికి నూరుపాళ్లు సరైన సలహా అని తరవాత తెలిసింది.

ముందుగా తీగచుట్ట. విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద, 100 కిలోవాట్ల శక్తితో వస్తుంది. పాలకొల్లు నుంచి విజయవాడ దాదాపు నేరుగా పడమరన, సూటిగా కొలిస్తే 115 కిలోమీటర్ల దూరం. నాలుగంగుళాల పీవీసీ గొట్టం బయటి కొలత 110 మిల్లీమీటర్లు. దాని మీద 22 గేజ్ తీగను పక్కపక్కనే ఒత్తుగా 42 చుట్లు చుడితే లెక్క ప్రకారం సుమారు 250 మైక్రోహెన్రీలు వస్తుంది. దానికి జతగా 145 పికోఫారడ్ల కెపాసిటరు ఉంటే సరిగ్గా 837 దగ్గర శ్రుతి కలుస్తుంది. ఒక మధ్యాహ్నంలో ముగిసిన పని ఇది. తీగ చివర్ల ఎనామిల్ మాత్రం బ్లేడుతో గీకి, మల్టీమీటరు పెట్టి చూసుకోవాలి. పైకి రాగి రంగే కనిపించినా ఆ పూత ఉన్నంతసేపూ కరెంటు పోదు.

కెపాసిటరు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను, ఆగినందుకు సంతోషంగానే ఉంది. జిరాక్స్ షాపులో బైండింగుకు వాడే పారదర్శక ప్లాస్టిక్ షీటు (ఓహెచ్‌పీ షీటు) మందం 100 మైక్రాన్లు. దానికి రెండు వైపులా పది సెంటీమీటర్ల చదరపు వంటింటి అల్యూమినియం రేకు పెడితే సూత్రం ప్రకారం 2.8 నానోఫారడ్లు రావాలి. మామూలుగా పరిచి కొలిస్తే మూడో వంతు కూడా రాలేదు. పైన పుస్తకాలు పేర్చుతుంటే మీటరు మీద అంకె మన కళ్ల ముందే పెరుగుతూ పోయింది, చేత్తో అదిమితే ఇంకా పెరిగింది, వదిలితే తగ్గింది. రేకుకూ షీటుకూ మధ్య కంటికి కనపడని గాలి పొర ఉంటుంది. ఆ కాస్త దూరమే విలువను అంతగా దించేస్తుంది. కెపాసిటరు విలువంటే రెండు రేకుల వైశాల్యం, వాటి మధ్య దూరం, ఆ మధ్యలో ఉన్న పదార్థం, అంతే. చదివినప్పుడు సూత్రంలో ఒక అక్షరంగా ఉన్న ఆ దూరం ఇప్పుడు నా అరచేతి కింద ఉంది.

మధ్యలో ఉన్న పదార్థం సంగతి చూద్దామని షీటు బదులు వార్తాపత్రిక కాగితం పెట్టి ఇంకో కెపాసిటరు చేశాను. మధ్యాహ్నం రెండింటికి ఒక విలువ, మర్నాడు పొద్దున మంచు కమ్మినప్పుడు దానికి దాదాపు రెట్టింపు. పైగా పొద్దుటి పూట మల్టీమీటరును రెసిస్టెన్సు మీద పెడితే కాగితం గుండా కరెంటు కాస్త కారుతున్నట్టు కూడా తెలిసింది. రేకుల మధ్య పదార్థం కెపాసిటరు విలువను ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె (డైఎలక్ట్రిక్ స్థిరాంకం) కాగితానికి రెండు మూడుంటే నీటికి 80 దాకా ఉంటుంది, మన గాలి ఆ నీటిని కాగితంలోకి ఊరికే ఎక్కించేస్తుంది. అదే కాగితాన్ని కరిగిన కొవ్వొత్తి మైనంలో ముంచి తీశాక అంకె పొద్దున్నా సాయంత్రమూ ఇంచుమించు ఒకేచోట నిలిచింది. పాతకాలపు రేడియోల్లో కాగితం కెపాసిటర్లను మైనంతో ఎందుకు నింపేవారో చేత్తో పట్టుకుని చూసినట్టయింది. రేడియోకు మాత్రం ఓహెచ్‌పీ షీటునే ఖాయం చేసి, ఒక రేకు మీద ఇంకో రేకు జరిగేలా చిన్న చెక్క చట్రంలో బిగించాను. జరిపిన కొద్దీ 40 నుంచి 400 పికోఫారడ్ల దాకా మారుతుంది.

ఏరియల్ కోసం దింపు రోజు వరకు ఆగాల్సి వచ్చింది. కొబ్బరికాయలు దింపడానికి వచ్చినతనే రెండు చెట్ల మధ్య సుమారు 30 మీటర్ల తీగ కట్టి పెట్టాడు, చెట్టుకు వంద చొప్పున అదనంగా ఇచ్చాను. "ఇదెందుకండి బాబూ, టీవీకా?" అని పైనుంచే అడిగాడు. తీగ చెట్టుకు నేరుగా తగలకుండా రెండు చివర్లా పీవీసీ ముక్కలు కట్టించాను, కరెంటు తీగలున్న వైపు అసలు వెళ్లనివ్వలేదు. ఎవరు కట్టుకున్నా ఆ రెండో విషయంలో రాజీ పడవద్దు. ఎర్తుకు మాత్రం మనంత అదృష్టవంతులు లేరు. నాలుగైదు అడుగుల్లో నీరు తగిలే నేల కాబట్టి, చేతి బోరు ఇనప గొట్టానికి తీగ బిగిస్తే అదే చక్కటి ఎర్తు. తడి నేల మీదుగా మీడియం వేవ్ తరంగాలు దూరం రావడానికి కూడా ఈ నేలే సాయం చేస్తుంది.

నాలుగు సొంత భాగాలనూ ఒకేసారి కలిపితే శబ్దం రానప్పుడు లోపం దేనిదో తేలదు. అందుకని సరిపోల్చుకోవడానికి, కరెంటును ఒకవైపే పోనిచ్చే జెర్మేనియం డయోడును కొని డిటెక్టరుగా, కొన్న క్రిస్టల్ ఇయర్‌పీసును ఇయర్‌ఫోనుగా మొదట పెట్టాను. ఈ రెండింటికీ పోస్టుతో కలిపి 310 రూపాయలయింది. డిసెంబరు రెండో వారంలో ఒక పొద్దున రేకు జరుపుతుంటే తెలుగు వార్తలు వినిపించాయి. చిన్న గొంతే, కాని మాట మాట స్పష్టం. ఆ శబ్దాన్ని నడిపిస్తున్న శక్తి అంతా విజయవాడ నుంచి గాలిలో వచ్చిందేనని తలచుకుంటే ఒళ్లు గగుర్పొడిచింది. అత్తయ్యగారి చెవికి పెడితే వార్తలయ్యేదాకా తియ్యలేదు.

ఆ తరవాత డయోడు స్థానంలో గాలీనా. అది సీసపు సల్ఫైడు ఖనిజం. జగదీశ్ చంద్ర బోస్ 1901లో దరఖాస్తు పెట్టి 1904లో అమెరికా పేటెంటు పొందిన డిటెక్టరులో వాడింది దీన్నే. మన రాష్ట్రంలో వినుకొండ వైపు అగ్నిగుండాల దగ్గర దీని నిక్షేపాలున్నాయి గాని, నేను ఇంట్లోనే చేద్దామనుకున్నాను. విసురువలకు కట్టే సీసపు గుళ్లు వలల కొట్లో 60 రూపాయలకు దోసెడు వచ్చాయి. ఎరువుల కొట్లో అమ్మే నీటిలో కలిసే గంధకంలో వేరే పదార్థాలుంటాయి కాబట్టి మూలికల కొట్లో ముద్ద గంధకం కొన్నాను. సీసాన్ని ఆకురాయితో రాసి పొడి చేయాలి. బరువులో ఆరున్నర పాళ్ల సీసానికి ఒక పాలు గంధకం చొప్పున లెక్క, కాస్త ఆవిరై పోతుంది కనుక గంధకం కొంచెం ఎక్కువే వేయాలి.

ఈ పని ఇంట్లో చేయకండి, గాలి వాటం చూసుకుని ఆరుబయట చేయండి. సీసపు పొడి విషం, గంధకం మండితే వచ్చే పొగ గొంతు పట్టేస్తుంది. నేను చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకుని, రాసిన పొడి రాలిన కాగితాన్ని కూడా మూటకట్టి విడిగా పెట్టి, పిల్లలెవరూ లేని పూట పెరటి చివర కొబ్బరి చిప్పల బొగ్గు మీద చేశాను. గట్టి గాజు పరీక్షనాళికలో గంధకం ముందు పసుపు నూనెలా కరిగింది, తరవాత ఎర్రబడి చిక్కబడింది. ఆ పైన ఒక చోట మొదలైన ఎర్రటి వెలుగు మనం ఇచ్చే వేడితో పనిలేకుండా తనంతట తానే నాళిక పొడవునా పాకింది. రెండు మూలకాలు కలిసేటప్పుడు విడుదలయ్యే వేడి అది. చల్లారాక గాజు పగలగొడితే నల్లటి ముద్ద, విరిచిన చోట మాత్రం ఉక్కులా మెరిసే చిన్న చిన్న పలకలు.

ఆ మెరిసే చోట సన్నటి తీగ మొనను ఈక తగిలినట్టు ఆనించాలి. ఎక్కువ చోట్ల ఏమీ వినపడదు, ఎక్కడో ఒక చోట ఉన్నట్టుండి పాట వస్తుంది. సీసపు సల్ఫైడు అర్ధవాహకం. అందులో గంధకం పాలు కాస్త ఎక్కువైతే ఒక రకంగా, సీసం ఎక్కువైతే దానికి ఎదురు రకంగా ప్రవర్తిస్తుంది. ఇంట్లో కాచిన ముద్దలో ఆ పాళ్లు చోటు చోటుకూ మారతాయి కాబట్టి, పనిచేసే చోటును వెతుక్కోవడం తప్పదు. దొరికాక కూడా బయట రోడ్డు మీద ఇసుక ట్రాక్టరు వెళ్లిందంటే మొన జరిగిపోతుంది. వేళ్ల జిడ్డు తగిలితే ఆ ముఖం మందగిస్తుంది, కొత్తగా విరిస్తే మళ్లీ బతుకుతుంది. క్రిస్మస్ సెలవుల్లో దాదాపు రోజూ సాయంత్రాలు దీనికే పోయాయి. విసుగు రాలేదు. నేను కాచిన ముద్ద ఒకటి కరెంటును ఒకవైపే పోనిస్తోందన్న సంగతి ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు.

అన్నింటికన్నా ఎక్కువ కాలం పట్టింది ఇయర్‌ఫోను. రోషెల్ లవణం స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుంది, విద్యుత్తు ఇస్తే అది కదులుతుంది. 1880లో క్యూరీ సోదరులు నొక్కితే విద్యుత్తు పుట్టే గుణాన్ని కనుగొన్నప్పుడు పరీక్షించిన స్ఫటికాల్లో ఇదీ ఉంది. పాత గ్రామఫోను పికప్‌లలోనూ దీన్నే వాడేవారు. 200 గ్రాముల క్రీమ్ ఆఫ్ టార్టార్‌ను పావు లీటరు నీళ్లలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి, 89 గ్రాముల వంటసోడాను చిటికెడు చిటికెడుగా కలపాలి. ప్రతి చిటికెడుకూ నురగ పొంగుతుంది, అది అణిగాకనే తరవాతది. స్టీలు గిన్నే వాడాలి, అల్యూమినియం పనికిరాదు. చివరికి తేటగా నిలిచిన ద్రావణాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి చల్లారనిస్తే రెండు రోజుల్లో అడుగున పంచదార పలుకుల్లాంటివి కట్టాయి. వాటిలో అందంగా ఉన్న ఒకదాన్ని గేలపు దారానికి కట్టి మళ్లీ ద్రావణంలో వేలాడదీశాను.

పుస్తకాల్లో నీరు ఆవిరై స్ఫటికం పెరుగుతుందని ఉంటుంది. ధనుర్మాసం మంచులో మా ఇంట్లో నీరు ఆవిరవదు. వారం గడిచినా పలుకు పలుకుగానే ఉంది. అందుకని పద్ధతి మార్చి, రొయ్యలు ఎగుమతి చేసే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి, అందులో గోరువెచ్చటి ద్రావణం సీసాను, పక్కనే వేడినీళ్ల చెంబులను పెట్టి మూశాను. పెట్టె ఒక రోజంతా తీసుకుని నెమ్మదిగా చల్లారుతుంది, ఆ చల్లారడంలోనే స్ఫటికం పెరుగుతుంది. మర్నాడు స్ఫటికాన్ని తీసి, ద్రావణాన్ని మళ్లీ వెచ్చజేసి కొంత కొత్త ఉప్పు కరిగించి, వేడి తగ్గాక మళ్లీ వేలాడదీయాలి. సంక్రాంతి మూడు రోజులూ చుట్టాల సందడిలో పెట్టె వంక చూడలేదు. ఆ మధ్యాహ్నాల ఎండకు ద్రావణం వేడెక్కి, స్ఫటికం అంచులు కరిగి గుండ్రబడ్డాయి. ప్రాణం ఉసూరుమంది. మళ్లీ సరిపెట్టుకోవడానికి ఇంకో వారం పట్టింది. జనవరి నెలాఖరుకు బొటనవేలంత మందంతో, దానికి రెండింతల పొడవుతో, గాజులా తేటగా తయారైంది.

దాన్ని రంపంతో కోస్తే పగిలిపోతుంది. వెదురు బద్దకు విల్లులా దారం కట్టి, ఆ దారాన్ని తడిపి స్ఫటికం మీద ముందుకూ వెనక్కూ లాగుతుంటే దారం తగిలిన గీత మేరకే ఉప్పు కరిగి తెగుతుంది. పెరిగిన పొడవుకు 45 డిగ్రీల కోణంలో మూడు మిల్లీమీటర్ల మందం పలక తీయడానికి ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది. ఒకసారి చెమట చేత్తో దాని నున్నటి ముఖాన్ని పట్టుకుంటే నా వేలిముద్ర గీతలతో సహా అందులోకి దిగిపోయింది, తుడిచినా పోలేదు. అప్పటినుంచి ఫోర్సెప్స్‌తోనే పట్టుకున్నాను. రెండు ముఖాలకూ అల్యూమినియం రేకు అతికించడానికి ఫెవికాల్ పనికిరాదు, అందులో నీరుంటుంది. సైకిలు పంచరు సొల్యూషను పల్చగా రాస్తే చక్కగా అంటుకుంది. కరెంటు టెస్టర్లో ఉండే చిన్న నియాన్ బల్బు ఊడదీసి ఆ రేకులకు కలిపి, దీపాలార్పి, స్క్రూడ్రైవరు చెక్క పిడితో పలకను టక్కున కొట్టాను. బల్బులో నారింజ రంగు మెరుపు వచ్చింది. వంటసోడాతో చేసిన వస్తువులోంచి పదుల వోల్టులు పుట్టాయి! ఆ రాత్రి ఇంట్లో అందరి చేతా ఒక్కో దెబ్బ కొట్టించాను.

చెమ్మ నుంచి కాపాడదామని ఆ పలకను సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి మూస్తే నాలుగు రోజులకు పైన తెల్లటి పొడి పట్టింది. ఈ స్ఫటికం తన నిర్మాణంలోనే నీటిని దాచుకుని ఉంటుంది, గాలి మరీ పొడిగా ఉంటే ఆ నీరు పోయి పొడిపొడి అవుతుంది, మరీ చెమ్మగా ఉంటే మొత్తం కరిగిపోతుంది. మరీ పొడీ వద్దు, మరీ చెమ్మా వద్దు, రెంటికీ మధ్యలో ఉంచితే చాలు. పొడి పట్టిన పొరను తడి గుడ్డతో ఒక్కసారి తుడిచి, రంగులేని గోళ్ల రంగు రెండు పూతలు వేశాక అది ఈ నాటికీ చెక్కుచెదరలేదు.

పలక ఒక చివరను చెక్క దిమ్మకు బిగించి, రెండో చివరను పల్చటి రేకు డబ్బా మూతకు ఆనించి ఇయర్‌ఫోను చేశాను. కలిపితే మొదట కాసేపు వినపడి, తరవాత మెల్లగా మాయమైంది. స్ఫటికం కూడా కెపాసిటరు లాంటిదే కాబట్టి డిటెక్టరు నుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తు దాని మీద పేరుకుపోయి దారి మూసేస్తుంది. అది కారిపోవడానికి పక్కన ఒక రెసిస్టరు కావాలి. అట్టముక్క మీద 6బి పెన్సిలుతో గీత గీసి, మీటరు చూసుకుంటూ మళ్లీ మళ్లీ రుద్ది 100 కిలోఓమ్‌ల దగ్గర ఆపి, దానికీ గోళ్ల రంగు పూశాను. నేను లెక్కలో వేసుకోని అయిదో భాగం అలా వచ్చి చేరింది, అదీ ఇంట్లో చేసిందే.

ఫిబ్రవరి మూడో వారంలో ఒక తెల్లవారుజామున అన్నీ సొంతవే పెట్టి విన్నాను. కొన్న వాటితో పోలిస్తే శబ్దం సగం కూడా లేదు, ఫ్యాను ఆపాలి, మూతకు చెవి గట్టిగా ఆనించాలి. అయినా భక్తి పాట చరణం చరణం తెలిసింది. ఆ పాటకూ నాకూ మధ్య ఉన్న ప్రతి వస్తువూ ఎలా పుట్టిందో, ఎక్కడ మొండికేస్తుందో నాకు తెలుసు. అంత తృప్తి చదువుకున్న రోజుల్లో ఏ ప్రయోగశాలలోనూ కలగలేదు.

ఖర్చు మొత్తం, కెపాసిటెన్సు కొలిచే మల్టీమీటరుకు పెట్టిన 950 రూపాయలతో కలిపి, రెండు వేల రెండు వందలకు కాస్త అటూ ఇటూ అయింది. మొదలుపెట్టేవారు ముందు మీటరు కొనండి, అది లేకుండా కెపాసిటర్ల పని చేయడం చీకట్లో తడుముకోవడమే. గాలీనా జోలికి పోవడానికి సంకోచంగా ఉంటే డయోడుతో సరిపెట్టుకుని మిగతావి చేయండి. ఉరుములు మొదలయ్యే రోజుల్లో ఏరియల్‌ను సెట్టు నుంచి విడదీసి, బయటే ఎర్తుకు కలిపేయాలి. అది ఉరిమాక చేసే పని కాదు, మబ్బు పట్టినప్పుడే చేయాలి. రోషెల్ లవణం 55 డిగ్రీల వేడికే చెడిపోతుంది కనుక మే నెలలో రేకు కప్పు కింద గాని, ఎండలో నిలిపిన కారులో గాని ఉంచవద్దు. మిగిలిన ద్రావణం మూత బిగించిన సీసాలో భద్రంగా ఉంది. వచ్చే కార్తీకం వెళ్లాక దానితో ఇంకా పెద్ద స్ఫటికం పెంచి, రెండు పలకలను వీపు వీపు అతికించి చేసే ఇయర్‌ఫోను ప్రయత్నిస్తాను. శబ్దం దాంతో బాగా పెరగాలి.